నాన్నని కర్జన్ ఇంటికి తీసుకెళ్తున్నావట

అమ్మడూ,

మా అన్నయ్య, అంటే మీ నాన్న, వచ్చే నెల ఇంగ్లండు వస్తున్నాడని, రాగానే వైస్రాయి కర్జన్ పుట్టిన ఇల్లు కెడిల్‌స్టన్ హాల్ చూపిస్తానని మొన్న ఫోన్‌లో చెప్పావు. నాకూ సంతోషమే. కానీ ఆ వెంటనే "మెట్లుంటే ఏముంది బాబాయ్, నలుగురం ఉంటాం కదా, చక్రాల కుర్చీతో సహా ఎత్తేస్తాం" అన్నావు చూడు, అక్కడే నాకు గుండె కలుక్కుమంది. ఫోన్‌లో ఏదన్నా చెప్పబోతే నువ్వు "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీ పిన్ని కుర్చీకి వచ్చిన కొత్తలో, పన్నెండేళ్ళ కిందటి మాట. ఒక పాత బంగళాకి వెళ్ళాం. పేరెందుకులే. వాళ్ళు ఫోన్‌లో "రెండే మెట్లు, చిన్నవి" అన్నారు. తీరా వెళ్తే నాలుగున్నాయి. అరిగిపోయి, మధ్యలో గుంటలు పడ్డ రాతిమెట్లు. నేను అటూ ఇటూ చూస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు, పాపం మంచివాళ్ళే, వచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. నేను వెనక పట్టాను. ఒకతను చేతులానించుకునే పట్టీ పట్టుకున్నాడు. అది ఊడొచ్చే రకం. మూడో మెట్టు మీద అది టక్కున ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. పడలేదు, గోడ ఆపింది. మీ పిన్ని రెండో పట్టీని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి. పైకెక్కాక చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. గదులన్నీ తిరిగాం. ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. కారెక్కాక అంది: "నన్ను సోఫా మోసినట్టు మోశారు. ఇంకెప్పుడూ వద్దు."

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే కట్టుబాటు: ఎత్తడాల్లేవు. దారుంటే వెళ్తాం, లేకపోతే తోట చూసి టీ తాగి వచ్చేస్తాం. నువ్వూ అదే పెట్టుకో. స్ట్రోక్ వచ్చాక అన్నయ్య ఎడమ పక్క ఇంకా పట్టు రాలేదు. ఒరిగితే ఆపుకోలేడు. ఆపుకోగలిగినా సరే, ఆయన సంగతి నీకు తెలుసు కదా. ముప్ఫై ఏళ్ళు క్లాసులో నిలబడ్డ మనిషి. నలుగురి చేతుల మీద గాల్లో వేలాడుతూ కర్జన్ ఇంటి గుమ్మం దాటడం ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించు.

అసలు ఆ ఇల్లే ఎందుకు కావాలంటున్నాడో నాకు తెలుసు. రాజమండ్రిలో అన్నయ్య సోషల్ చెప్పే రోజుల్లో కర్జన్ చేసిన 1905 బెంగాల్ విభజన పాఠం వస్తే పక్క క్లాసు పిల్లలకి కూడా ఆ రోజు అదే పాఠం, గొంతు అలాంటిది. 1907లో బిపిన్ చంద్రపాల్ మన రాజమండ్రి వచ్చి మాట్లాడిన సంగతి దాకా లాక్కొచ్చేవాడు. కర్జన్ పుట్టింది కెడిల్‌స్టన్‌లోనే, 1859లో. సమాధి కూడా ఆ ఇంటి పక్క చర్చిలోనే. కలకత్తాలో వైస్రాయిలుండే గవర్నమెంట్ హౌస్‌ని అంతకు వందేళ్ళ ముందే ఈ ఇంటి నమూనా చూసి కట్టారు. అంటే కర్జన్ 1899లో వైస్రాయిగా వెళ్ళి దిగింది తన సొంతింటి నకల్లో. అన్నయ్య ఇది చెప్పి తనే నవ్వేవాడు.

ఆయనకి ఇంకో సంగతి చెప్పు, బహుశా తెలిసుండదు. కర్జన్‌కి కుర్రతనంలో గుర్రపు స్వారీ చేస్తుండగా వెన్నెముక దెబ్బతింది. బతికినంత కాలం నొప్పే. నడుముకి లోహపు పట్టీ బిగించుకుని తిరిగేవాడు. బిర్రబిగుసుకుని నిలబడేవాడు కాబట్టి పొగరనుకునేవాళ్ళు. పొగరు లేదనను, కానీ నిలబడడంలో సగం ఆ పట్టీదే.

ఇక అసలు పనిలోకి వస్తాను. ఈ కంట్రీ హౌస్‌లు మన వైపు దివాణాల్లాంటివే. చూడ్డానికి వచ్చినవాడు కింద నిలబడి తలెత్తి చూడాలని కట్టినవి. కెడిల్‌స్టన్‌నే తీసుకో. 1760ల్లో రాబర్ట్ ఆడమ్ తీర్చిదిద్దాడు. గొప్ప గదులన్నీ నేల మీద ఉండవు, ఒక అంతస్తు పైనుంటాయి. ఉత్తరం వైపు గుమ్మానికి రెండు పక్కల నుంచీ ఎక్కే పెద్ద రాతిమెట్లు. పైన హాల్లో పాలరాయిలా మెరిసే ఇరవై అలబాస్టర్ స్తంభాలు. హార్డ్‌విక్ హాల్ ఇంకా ఘోరం, అదీ మన డర్బీషైర్‌లోనే. దాంట్లో అన్నిటికన్నా గొప్ప గదులు అన్నిటికన్నా పైన. కాబట్టి ఎక్కడికెళ్ళినా ముందు తెలుసుకోవాల్సింది ఇల్లు బావుందా అని కాదు, బావున్నది ఏ అంతస్తులో ఉందని.

ఫోన్ చెయ్యి. వెబ్‌సైట్‌లో ఉంటుంది, చదువు, కానీ ఫోన్ మాత్రం మానకు. "వీల్‌చెయిర్ యాక్సెస్ ఉందా" అని మాత్రం అడగొద్దు. "ఉందండీ" అనేస్తారు. టీ రూముకీ టాయిలెట్‌కీ ఉన్నా వాళ్ళ లెక్కలో ఉన్నట్టే. అంగుళాల్లో అడుగు. కారు ఆపిన చోటు నుంచి గుమ్మం దాకా ఎంత దూరం, కాలికింద తారా, బండలా, గులకరాళ్ళా? మెట్లెన్ని, ఒక్కోటి ఎంత ఎత్తు? ఆ దారిలో అన్నిటికంటే ఇరుకైన తలుపు ఎంత వెడల్పు? లిఫ్ట్ ఉంటే లోపల కుర్చీతో పాటు ఇంకో మనిషి పడతారా? మేం వచ్చే రోజు అది పనిచేస్తుందా? ఈ చివరి ప్రశ్న వెళ్ళే రోజు పొద్దున్న కూడా అడగాలి.

ర్యాంప్ ఉందన్నారనుకో, పొడవెంత అని అడుగు. అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవుండాలి. ఏడంగుళాల మెట్లు రెండుంటే పద్నాలుగడుగుల ర్యాంప్ కావాలి. "చిన్న ర్యాంప్ వేస్తాం" అన్నారంటే అది నిటారుగా ఉంటుందన్నమాట. దాని మీద నువ్వు అన్నయ్యని తోయలేవు. దిగేటప్పుడు అసలు ఆపలేవు.

కొన్నిచోట్ల స్టెయిర్ క్లైంబర్ అని ఉంటుంది. మెట్ల మీద ఒక్కో మెట్టే పాకుతూ ఎక్కే మిషను. దాన్ని నడపడానికి నేర్చుకున్న మనిషి ఆ రోజు డ్యూటీలో ఉండాలి, బరువుకి పరిమితి ఉంటుంది, ముందే బుక్ చెయ్యాలి. అన్నయ్య బరువు అడిగి పెట్టుకో. చెప్పడానికి మొహమాట పడతాడు, వదినని అడుగు. ఇంకో మాట, అది ఎక్కేటప్పుడు మనిషిని వెనక్కి వాలుస్తుంది. మీ పిన్ని మొదటిసారి కళ్ళు మూసుకుంది. ఎక్కాలా వద్దా అన్నది అక్కడ మిషన్ని చూశాక అన్నయ్యే చెప్తాడు. నువ్వు చెప్పకు.

"ఇంత డబ్బున్నవాళ్ళు ఒక లిఫ్ట్ పెట్టలేరా" అని నువ్వు అంటావు. నేనూ అన్నాను. తరవాత అలాంటి ఇంట్లోనే తొమ్మిదేళ్ళు మంగళవారం మంగళవారం ఒక గదిలో వాలంటీరుగా కూచున్నాక కొంత అర్థమైంది. అనుమతి లేకుండా ఈ కట్టడాల రూపం మార్చడం ఇక్కడ నేరం. మరోపక్క 2010 నాటి ఈక్వాలిటీ చట్టం, వికలాంగులకి వీలైనంత మేర సదుపాయం చెయ్యడం మీ బాధ్యత అంటుంది. రెండిటి మధ్యా నలుగుతుంటారు. కొందరు నిజంగా దారి వెతుకుతారు, కొందరు మొదటి చట్టాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని తప్పించుకుంటారు. ఐల్ ఆఫ్ వైట్‌లో ఆస్‌బర్న్ హౌస్ ఉంది కదా, విక్టోరియా రాణిది. ముసలితనంలో ఆవిడ నడవలేక చక్రాల కుర్చీ వాడితే ఆ ఇంట్లో లిఫ్ట్ పెట్టారు. అప్పుడు చరిత్రకేమీ కాలేదు మరి!

ఒకటి మాత్రం వాళ్ళతో వాదించకు. "పై అంతస్తులో ఒకసారికి ఒక్క వీల్‌చెయిరే" అంటారు. అది నిప్పు భయం. మంటలొస్తే లిఫ్ట్ వాడకూడదు, పైనున్న మనిషిని మెట్ల మీంచి దింపడానికి సరిపడా మనుషులుండాలి. అందుకే లెక్క. మీకంటే ముందు ఎవరన్నా పైనుంటే కింద కాసేపు ఆగు.

గులకరాళ్ళ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఈ బంగళాల ముందంతా అవే పరుస్తారు, అదో అందం. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కదా, నాలుగడుగులు వెయ్యగానే దిగబడిపోతాయి. నువ్వు ఇంకా తోస్తే అన్నయ్య ముందుకి తూలతాడు. తొయ్యకు. కుర్చీని వెనక్కి తిప్పు, కొంచెం నీ వైపు వంచి, ముందు చక్రాలు నేలకి ఆనకుండా వెనక చక్రాల మీదే లాక్కుపో. "వెనక్కి వంచుతున్నా నాన్నా" అని చెప్పి మరీ వంచు. ఆయన వచ్చిన దారి చూస్తూ వస్తాడు, ఫర్వాలేదు. అసలు దీనికన్నా మేలు, కార్ పార్కులో ఉన్న మనిషికి సంగతి చెప్పి గుమ్మం దగ్గర దింపనిస్తారా అని అడగడం. బ్లూ బ్యాడ్జ్, అంటే వికలాంగులకి కారు దగ్గర్లో ఆపుకోనిచ్చే కార్డు, లేకపోయినా అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

డబ్బు సంగతి. నేషనల్ ట్రస్ట్, అంటే ఇలాంటి పాత ఇళ్ళని కాపాడే సంస్థ, దాని ఇళ్ళలో సాయంగా వచ్చే మనిషికి టికెట్ ఉండదు. ఎసెన్షియల్ కంపానియన్ కార్డని ఉంది, వికలాంగుడి పేరు మీద ఉచితంగా ఇస్తారు. కెడిల్‌స్టన్ 1987 నుంచి ట్రస్ట్‌దే. అప్లై చేసి చూడు, టైముకి రాకపోయినా గేటు దగ్గర విషయం చెప్పు.

టాయిలెట్‌కి రాడార్ తాళంచెవి ఒకటి కొను, నాలుగైదు పౌండ్లుంటుందేమో. దేశంలో వికలాంగుల కోసం తాళం వేసి ఉంచే వేల టాయిలెట్లకి ఒకటే తాళంచెవి. కారు తాళాలతో పాటే తగిలించు. లేకపోతే తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునేసరికి అన్నయ్య అవస్థ అన్నయ్యది.

లోపల గదుల్లో చీకటిగా ఉంటుంది. కిటికీలకి తెరలు దించేస్తారు, ఎండకి పాత బట్టలు వెలిసిపోతాయని. కళ్ళు అలవాటు పడేదాకా ప్రతి గుమ్మం దగ్గరా ఆగు. అన్నయ్యకి కుర్చీలోంచి లేచి కాసేపు మామూలు కుర్చీలో కూచోవాలనిపిస్తే, కుర్చీ మీద ఎండిన ముళ్ళ పువ్వో పైన్ కాయో పెట్టి ఉందేమో చూడు. అది "కూచోవద్దు" అని చెప్పే పద్ధతి, బోర్డు పెట్టకుండా. ఖాళీగా ఉన్నది ఎక్కడో ఒకటుంటుంది, లేకపోతే అడిగితే మా వాలంటీర్లు తమ కుర్చీయే ఇచ్చేస్తారు. నేను చాలాసార్లు ఇచ్చాను.

ఆ గదుల్లో కూచునే మావాళ్ళకి ఒక జబ్బుంది. నేనూ చేసిన తప్పే. కుర్చీలో ఉన్న మనిషితో కాకుండా తోసే మనిషితో మాట్లాడతారు. "ఆయనకి ఇంగ్లీషు వచ్చా?" అని నిన్నే అడుగుతారు. నువ్వు జవాబు చెప్పకు. అన్నయ్య మొహం చూస్తూ ఊరుకో, అంతే. స్ట్రోక్ తరవాత మాట నెమ్మదించింది కదా, వాక్యం పూర్తవడానికి టైము పడుతుంది. పట్టనీ. ఎదుటివాడే సర్దుకుని వంగి ఆయన ఎత్తుకి వస్తాడు. కర్జన్ గురించి అన్నయ్య ఒక గట్టి ప్రశ్న వేస్తాడు చూడు, అప్పుడు అడ్డు పడకు.

పై అంతస్తు కుదరకపోతే? కుదరకపోనీ. ఈస్టర్న్ మ్యూజియం, అంటే కర్జన్ తూర్పు దేశాల నుంచి తెచ్చుకున్న వస్తువులు, కింద అంతస్తులో ఉంది. అన్నయ్యకి కావలసిందీ అదేగా. 1903 ఢిల్లీ దర్బారు సంబరాల్లో కర్జన్ భార్య వేసుకున్న నెమలి గౌను కూడా ఆ ఇంట్లోనే ఉంది. మన జర్దోజీ పని, నెమలి కన్నుల్లో పచ్చగా మెరిసేవి పురుగు రెక్కలు. ముందు అది ఎక్కడ పెట్టారో కనుక్కో. మీరంతా పైకెళ్ళి ఆయన్ని కింద ఒంటరిగా వదలొద్దు. వెళ్ళితీరాలంటే ఒకరు కింద ఉండండి, వంతులేసుకోండి. పై గదుల బొమ్మలు ట్యాబ్లెట్‌లో చూపిస్తారు చాలాచోట్ల, కానీ అన్నయ్య వాటికి దండం పెట్టేస్తాడని నా అనుమానం.

ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకు. పదకొండుకి వెళ్ళి రెండున్నరకి తిరిగొచ్చేయండి. పులిహోర పట్టుకెళ్ళు, తోటలో తినొచ్చు.

కుర్చీ అద్దెకి తీసుకోవద్దు. పిన్ని పాతది మా గరాజులోనే ఉంది, వెడల్పు ఇరవై నాలుగంగుళాలు, నిన్న టేపు పెట్టి కొలిచాను. పక్కనున్న రింగులతో కలిపి. చేతులానించుకునే పట్టీలకి స్క్రూలు బిగించాను, ఇప్పుడు ఊడవు. ఎడమ టైరులో గాలి తక్కువుంది, శనివారం కొట్టి తెస్తాను. నువ్వు ఈలోగా ఫోన్ చేసి ఇరుకు తలుపు ఎంతో కనుక్కో.

బాబాయి