ముందు షిఫ్టు పట్టిక తెప్పించుకో

బల్లార్షా

బిడ్డా,

ఫ్యాక్టరీలు తిరిగే హెల్త్ చెకప్ వ్యాన్‌కు షెడ్యూలింగ్ పనిలో చేరినవని మీ అమ్మ చెప్పింది. నేను పదకొండేండ్లు చేసిన పనే, అందుకే రాస్తున్న.

వ్యాన్ ఏ రోజు ఖాళీ అన్న దగ్గర మొదలుపెట్టకు. ముందు ఫ్యాక్టరీ షిఫ్టు పట్టిక తెప్పించుకో. ఒకసారి ఒక సిమెంటు ఫ్యాక్టరీల, ఎదురుంగ దొరికిన్రు గదా అని, రాత్రి షిఫ్టు దిగినోళ్లను క్రషర్ కాడి నుంచి సీదా వినికిడి పరీక్షకు పంపిన. సగం మందికి చెవుడని కాగితాలొచ్చినయి. రాత్రంతా మోతల ఉంటే చెవి మొద్దుబారుతది, కొంతసేపు నిమ్మళంగ ఉంటే తేరుకుంటది. కనీసం 14 గంటలు మోతకు దూరమున్నోళ్లనే పిలవాలె. అంటే వారపు సెలవు అయిపోయి డ్యూటీ ఎక్కబోయేటోళ్లు. అందరినీ మళ్లీ పిలిచినం. ఒకాయన నౌకరి పోతదని అన్ని రోజులు నిద్రపోలేదట. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతది.

వినికిడి పెట్టెల, అంటే మనిషిని కూసోబెట్టి చెవి పరీక్ష చేసే చప్పుడు చొరబడని గదిల, మనిషికి పది పదిహేను నిమిషాలు పడుతది. పెట్టె ఒక్కటే. రక్తం తీసుడు రెండు నిమిషాలే గదా అని హెచ్‌ఆర్ వాళ్లు రోజుకు 80 పేర్లు పంపుతరు. 30 దాటనియ్యకు.

పరగడుపేనా అంటే అందరూ అవునంటరు. చాయ్ తాగినవా అని అడుగు, "అర కప్పే గదా!" అంటరు. రాత్రి షిఫ్టోళ్లు రెండింటికి క్యాంటీన్ల తింటరు, వాళ్లను షుగర్ పరీక్షకు పొద్దుగాల పెట్టకు.

పేర్లతోని పైలం. మనకు ఇంటిపేరు ముందు, మరాఠీ జాబితాల చివర, నడుమ తండ్రి పేరు. గేట్ పాస్ నంబరు లేకుండ రక్తం సీసా మీద చీటీ అంటించనియ్యకు.

జనరేటర్‌ను వినికిడి పెట్టె పక్కన పెడితే పరీక్ష దండుగ. ఎడ్ల పండుగ పోళా నాడు ఎవ్వరూ రారు, ఎడ్లున్న ఇంటోళ్లు అసలే రారు. వానాకాలం వర్ధా పొంగితే రాజురా వంతెన బందయితది, అటు దిక్కు క్యాంపుంటే నమూనాలు మధ్యాహ్నమే ల్యాబుకు పంపు.

ఆదివారం ఇంటికి రా, నా పాత డైరీలిస్త. ఏ గేటు కాడ వ్యాన్ తిరగదో కూడ రాసిపెట్టిన.

మీ మామ