వార్ అండ్ పీస్: ఫ్రెంచ్ గొడవ, పేర్ల గొడవ

టాల్‌స్టాయ్ రష్యన్ నవల ‘వార్ అండ్ పీస్’ ఇంగ్లీషు అనువాదం తెరవగానే ఫ్రెంచ్ కనిపించింది, కాపీ తప్పేమో, వెనక్కి పంపాలా అని అడిగారు కదా. మీ కాపీలో తప్పేం లేదండీ, వెనక్కి పంపకండి. మొదటి వాక్యమే ఫ్రెంచ్‌లో ఉండటం టాల్‌స్టాయ్ కావాలని చేసిన పని, అప్పటి రష్యా పెద్దింటివాళ్లు అలాగే మాట్లాడుకునేవారు మరి. 2007లో వచ్చిన పెవియర్, వొలొఖోన్‌స్కీ అనువాదం ఆ ఫ్రెంచ్‌ని అలాగే ఉంచి కింద ఫుట్‌నోట్లలో అర్థం ఇస్తుంది. మీ చేతిలో ఉన్నది అదే అయ్యుంటుంది. ప్రతి లైనుకీ కిందికి చూడలేక విసుగొస్తే 2005 నాటి ఆంథొనీ బ్రిగ్స్ అనువాదం తీసుకోండి, అందులో అంతా ఇంగ్లీషే, చదువుతుంటే సాఫీగా పోతుంది, కాకపోతే రష్యన్ సిపాయిలు లండన్ కుర్రాళ్లలా మాట్లాడతారు, నాకైతే అదొక్కటే కాస్త పంటికింద రాయి.

మీ ఫ్రెండ్ కాపీలో ముఖ్యపాత్రల్లో ఒకడైన ఆంద్రేయ్ కాస్తా ఆండ్రూ అయ్యాడన్నారు కదా, అది మాడ్ దంపతుల పాత అనువాదం (1922-23). వాళ్లు టాల్‌స్టాయ్‌కి స్వయంగా తెలిసినవాళ్లు, పాతదని తీసిపారేయకండి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. దాన్నే 2010లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు సవరించి, ఫ్రెంచ్‌ని తిరిగి పెట్టి వేశారు.

ఇక ఒకే మనిషికి రెండుమూడు పేర్లుండే టెన్షన్ ఏ అనువాదంలోనైనా తప్పదు. నవల్లో నాయిక నతాషానే నతాల్యా ఇల్యీనిచ్నా, అంటే ఇల్యా కూతురు నతాల్యా అని. మన ఇళ్లలో సుబ్బలక్ష్మిని సుబ్బులు అన్నట్టే నతాషా ముద్దుపేరు. ఒక కాగితం మీద కుటుంబాలవారీగా రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి, నేను రెండోసారి మొదలుపెట్టినప్పుడు అలాగే గట్టెక్కాను.