ట్రాక్ డే ఎంచుకునే ముందు ఫోన్‌లో అడగాల్సినవి

పోయినసారి ట్రాక్ డేకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే కార్యక్రమానికి వెళ్లినప్పుడు, మలుపు మధ్యలో వెనక కారు లోపలివైపు నుంచి దూసుకొచ్చిందన్నారు కదా, అందులో తప్పు మీది కాకపోవచ్చు. కొత్తవాళ్లనీ అనుభవం ఉన్నవాళ్లనీ ఒకే సెషన్‌లో (ట్రాక్‌పై ఒకే విడతలో) వదిలేసి ఉంటారు. ఈసారి డబ్బు కట్టకముందే నిర్వాహకులకు ఫోన్ చేయండి.

1. ఓవర్‌టేక్ నియమం ఏమిటి? చాలామంది అడగనిది ఇదే. కొత్తవాళ్ల గ్రూపులో స్ట్రెయిట్‌లోనే (మలుపుల్లేని తిన్నని భాగంలోనే), అదీ ముందు డ్రైవర్ చెయ్యి చూపి దారి ఇచ్చాకే దాటాలి. "అందరూ చూసుకుని వెళ్తారు లెండి" అన్నారంటే అక్కడికి వెళ్లకండి. నియమం తప్పినవాళ్లను ఏం చేస్తారో కూడా అడగండి. నల్లజెండా చూపి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి) పిలుస్తామంటే నమ్మొచ్చు.

2. ఒక్కో సెషన్‌లో ఎన్ని కార్లు?

3. అంబులెన్స్ ట్రాక్ దగ్గరే ఉంటుందా? అది ఎవరినైనా తీసుకెళ్తే, తిరిగొచ్చేదాకా సెషన్ ఆపుతారా?

4. ముందుగా నియమాలు వివరించే బ్రీఫింగ్‌కు రానివాళ్లను ట్రాక్ మీదికి వదులుతారా? వదలకూడదు.

మీ ఇన్సూరెన్స్ పాలసీ కూడా చదవండి. మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్‌పై జరిగిన నష్టానికి వర్తించవు. మీది పవర్ ఎక్కువున్న కారు కాబట్టి బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. పాతది తేమ పీల్చుకుని తొందరగా మరుగుతుంది, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది.