ఆకాశంలో స్పీడ్ లిమిట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పదివేల అడుగుల కింద ఏ విమానమూ 250 నాట్లు దాటకూడదంటారు. మరి మిలటరీ జెట్లకు ఆ రూలు లేదా?

జవాబు: ఉంది, సడలింపులతో. అమెరికా సంగతే చూద్దాం. అక్కడ సముద్రమట్టానికి 10,000 అడుగుల దిగువన గరిష్ఠ వేగం 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు. సీ, డీ తరగతి గగనతలాల్లో (కంట్రోల్ టవర్ ఉన్న విమానాశ్రయాల చుట్టూ ఉండేవి) ప్రధాన విమానాశ్రయానికి 4 నాటికల్ మైళ్ల (సుమారు 7.4 కిలోమీటర్ల) లోపల, నేలకు 2,500 అడుగులు లేదా అంతకంటే కింద ఉంటే 200 నాట్లే. అయితే ఆ నిబంధనలోనే ఒక వెసులుబాటు ఉంది. ఒక విమానం అప్పుడు చేస్తున్న పనికి కావాల్సిన కనీస సురక్షిత వేగం ఈ పరిమితికి మించితే, ఆ కనీస వేగంతో నడపొచ్చు. ఇది మిలటరీ కోసమే రాసింది కాదు. నిండు ఇంధనంతో లేచే భారీ ప్రయాణికుల విమానం కూడా దీన్ని వాడుకుంటుంది.

అసలు వేగం కనిపించేది మిలటరీ ట్రైనింగ్ రూట్లలో. 250 నాట్లు దాటి ఎగరడానికే వాటిని గీశారు. ఫైటర్లు అక్కడ 420 నుంచి 500 నాట్లతో పోవడం మామూలే. బ్రిటన్‌లో ఫైటర్లు 250 అడుగుల ఎత్తుదాకా దిగి, సాధారణంగా 420 నుంచి 450 నాట్లతో ఎగురుతాయి. కొన్ని విన్యాసాల్లో కాసేపు 550 దాకా పోవచ్చు. అప్పటికి గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటినట్టే. అయినా శబ్దవేగం కన్నా తక్కువే, సముద్రమట్టం దగ్గర అది సుమారు 661 నాట్లు.

అంతర్జాతీయంగా చూస్తే, పౌర విమానయానంపై 1944లో కుదిరిన షికాగో ఒప్పందం మూడో అధికరణం సైనిక విమానాలను తన పరిధి నుంచి తప్పించింది. కాకపోతే పౌర విమానాల భద్రతను దృష్టిలో పెట్టుకుని తమ సైనిక విమానాలకు నియమాలు చేయాలని దేశాల మీద బాధ్యత పెట్టింది.

ప్రశ్న: ఫోన్‌లోని ట్రాకింగ్ యాప్‌లో 9,000 అడుగుల ఎత్తులో ఒక జెట్ 310 నాట్లు చూపించింది. రూలు తప్పినట్టేనా?

జవాబు: తొందరపడకండి. యాప్ చూపేది నేలతో పోలిస్తే విమానం కదిలే వేగం. రూలు చెప్పేది పైలట్ ముందున్న డయల్ మీది వేగం. ఆ డయల్ ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం చూపుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, కాబట్టి 9,000 అడుగుల్లో డయల్ 250 చూపిస్తుంటే నిజ వేగం 286 నాట్ల దగ్గర ఉంటుంది. వెనక నుంచి 25 నాట్ల గాలి తోడైతే యాప్‌లో 311. రూలు ఎక్కడా తప్పలేదు.

ప్రశ్న: ఊళ్ల మీద, చిన్న విమానాలు తిరిగే చోట ఫైటర్లు నెమ్మదిగా పోవచ్చు కదా?

జవాబు: నెమ్మదిగా తిన్నగా పోగలవు. నెమ్మదిగా పోతూ గట్టిగా తిరగలేవు. తిరిగేటప్పుడు రెక్క మోసే బరువు పెరుగుతుంది, ఆ బరువుకు వర్గమూలం లెక్కన స్టాల్ వేగమూ (అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) పెరుగుతుంది. ఉదాహరణకు తిన్నగా పోయేటప్పుడు 150 నాట్ల దగ్గర స్టాలయ్యే జెట్, 2జీ మలుపులో (రెక్క రెట్టింపు బరువు మోసేటప్పుడు) 212 దగ్గరే స్టాలవుతుంది, 4జీలో 300 దగ్గర. అంటే 250 నాట్లతో పోతున్న ఆ జెట్‌కు 4జీ మలుపు అసలు సాధ్యం కాదు. ఎదురుగా ఏదైనా వస్తే తప్పుకునే సత్తా వేగంలోనే ఉందన్న వాదన అందుకే. వాదన సబబే గానీ సగమే నిజం. అదే వేగం ఎదుటివాడికి మిగిలే సమయాన్ని తినేస్తుంది.

ప్రశ్న: చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. కళ్లు తెరుచుకుని చూస్తే చాలంటారు మా వాళ్లు. జెట్ విషయంలో అది చాలుతుందా?

జవాబు: చాలదు. లెక్క చూడండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సలహాపత్రం ప్రకారం ఎదుటి విమానాన్ని చూడటం నుంచి తప్పుకోవడం దాకా 12.5 సెకన్లు పడుతుంది. కంట పడటానికి 0.1, అది విమానమని గుర్తించడానికి 1, ఢీకొనే దారిలో ఉందని తెలియడానికి 5, ఎటు తిరగాలో తేల్చుకోవడానికి 4, చేయి కదలడానికి 0.4, విమానం స్పందించడానికి 2 సెకన్లు. మీరు 100 నాట్లు, ఎదురుగా జెట్ 450 నాట్లు. సెకనుకు 283 మీటర్ల చొప్పున దగ్గరవుతారు. 12.5 సెకన్లకు మూడున్నర కిలోమీటర్లు.

అంత దూరంలో 10 మీటర్ల రెక్కలున్న ఫైటర్ ఎంత కనిపిస్తుంది? చేయి చాచి స్కేలు పట్టుకుంటే రెండు మిల్లీమీటర్లకు లోపే. అదీ రెక్క చివర నుంచి చివరకు. ఎదురుగా వస్తున్నప్పుడు రెక్క పలచని గీతే, కంటికి ఆనేది మధ్యలోని బాడీ ఒక్కటే, అది చుక్కంత. పైగా ఢీకొనే దారిలో ఉన్నది అద్దం మీద పక్కకు జరగదు, ఉన్నచోటే ఉంటుంది. కన్ను కదిలేదాన్ని పట్టినంత సులువుగా కదలనిదాన్ని పట్టదు. ఆ చుక్క కిటికీ ఫ్రేము వెనక పడితే చివరిదాకా అక్కడే దాక్కుంటుంది. అందుకే కళ్లు తిప్పితే సరిపోదు, తల ముందుకీ పక్కకీ జరిపి చూడాలి.

2000 నవంబరులో ఫ్లోరిడాలోని బ్రేడెంటన్ దగ్గర జరిగింది ఇదే. రెండు ఎఫ్‌-16లు ట్రైనింగ్ రూటులోకి దిగుతున్నాయి. లీడర్ తానెక్కడున్నాడో పొరబడ్డాడు. రూటు మొదలయ్యే చోటికి ఇంకా చేరకముందే, పౌర విమానాలు తిరిగే గగనతలంలో, 400 నాట్లకు పైగా వేగంతో ఉన్నారు. వాటిలో ఒకటి సెస్నా 172 అనే చిన్న విమానాన్ని ఢీకొంది. సెస్నా పైలట్ చనిపోయాడు, ఫైటర్ పైలట్ ఎజెక్ట్ అయ్యాడు (సీటుతో సహా బయటికి వచ్చేశాడు).

అలాగని వేగం ఒక్కటే దోషి కాదు. 2015 జులైలో సౌత్ కరోలినాలోని మాంక్స్ కార్నర్ దగ్గర ఎఫ్‌-16 చార్ల్‌స్టన్‌కు అప్రోచ్ (దిగడానికి విమానాశ్రయం వైపు రావడం) సాధన చేస్తోంది, నేలకు దగ్గరగా దూసుకుపోయే లో-లెవెల్ పరుగులో లేదు. అప్పుడే లేచిన సెస్నా 150 కంట్రోలర్‌తో మాట్లాడటం లేదు. ఎదురుగా 2 మైళ్లలో విమానం ఉందని ఫైటర్ పైలట్‌కు కంట్రోలర్ చెప్పారు, ‘అది కనిపించకపోతే ఎడమకు తిరుగు’ అన్నారు. ఆ ‘కనిపించకపోతే’ అన్న మాటతో పైలట్ వెతకడంలో పడ్డాడు. విలువైన సెకన్లు అక్కడే పోయాయి. తర్వాత మలుపు కూడా ఆటోపైలట్ మీద మెల్లగా సాగింది. సెస్నాలోని ఇద్దరూ మరణించారు. ఫైటర్ అంటే చిటికెలో తిరుగుతుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో ఇందులో తెలుస్తుంది. 450 నాట్లతో, 4జీ లాగినా మలుపు వ్యాసార్ధం 1,400 మీటర్లు.

ప్రశ్న: ఎయిర్‌లైన్ విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం ఉంటుంది కదా, అది చూసుకోదా?

జవాబు: ఎదుటి విమానంలో తన ఉనికిని రేడియోలో తెలిపే ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంటేనే. జెట్లు గుంపుగా పోయేటప్పుడు మామూలుగా లీడర్ ట్రాన్స్‌పాండర్ ఒక్కటే పలుకుతుంది. పక్కనున్నవి టీకాస్‌కు లేనట్టే. పైగా నేలకు దాదాపు 1,000 అడుగుల దిగువన అది తప్పుకునే ఆదేశాలు ఇవ్వదు.

ప్రశ్న: ట్రైనింగ్ రూటును దాటి వెళ్లాల్సి వస్తే ఏం చేయాలి?

జవాబు: అమెరికా చార్టుల్లో (పైలట్లు వాడే మ్యాపుల్లో) ఈ రూట్లు సన్నని బూడిదరంగు గీతలు, పక్కన ఐఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరేది) లేదా వీఆర్ (కంటితో చూస్తూ ఎగిరేది) అన్న అక్షరాలు, నంబరు. నంబరు చదవడం ముందు నేర్చుకోండి. నాలుగంకెలుంటే రూటు మొత్తం నేలకు 1,500 అడుగుల లోపే. మూడంకెలుంటే ఏదో ఒక భాగం అంతకన్నా పైకి పోతుంది. గీత సన్నగా ఉందని రూటు సన్నగా ఉందనుకోవద్దు, అది మైళ్ల వెడల్పు. వీఆర్ రూట్లలో ఎగరాలంటే విజిబిలిటీ 5 మైళ్లు, మేఘాల అడుగు 3,000 అడుగులైనా ఉండాలి. అంటే మీరు సరదాగా ఎగరాలనుకునే రోజే వాళ్లదీ.

బయల్దేరే ముందు పైలట్లకు సమాచారమిచ్చే ఫ్లైట్ సర్వీస్‌ను అడిగితే ఏ రూటు ఎప్పుడు వాడుకలో ఉందో చెబుతారు. గాల్లోకి వెళ్లాక ఇంకోసారి అడగండి, వేళలు మారుతుంటాయి. రూటును అడ్డంగా, లంబకోణంలో దాటండి. దాని వెంబడి ఎగరొద్దు. ల్యాండింగ్ లైటు వేసుకోండి, ట్రాన్స్‌పాండర్‌లో ఎత్తు పంపే మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఒక జెట్ కనిపిస్తే దాన్నే చూస్తూ ఉండిపోవద్దు. రెండోది మైలు, రెండు మైళ్లు పక్కన ఉంటుంది, మిమ్మల్ని తాకేది అదే కావచ్చు.

ప్రశ్న: జెట్ నెత్తిమీదికి వచ్చేదాకా చప్పుడే వినపడదెందుకు?

జవాబు: శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది, 450 నాట్ల జెట్ 231. అది 2.3 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు బయల్దేరిన చప్పుడు మీకు చేరడానికి 6.8 సెకన్లు, జెట్ చేరడానికి 10 సెకన్లు. మీకు మిగిలేది మూడు సెకన్ల ముందస్తు సంకేతం. ఇంజిన్ రొద ఎక్కువగా వెనక్కి కొడుతుంది కాబట్టి ఆ కాస్తా పలచగానే వినిపిస్తుంది. మధ్యలో గుట్ట అడ్డముంటే అదీ ఉండదు.