పెట్రోల్ కొట్టిస్తుంటే గన్ పదేపదే కట్ అవుతోందా? ముందు గాలి పోయే దారి చూడండి

ఏ బంక్‌కు వెళ్లినా గన్ పెట్టిన కాసేపటికే టక్‌మని కట్ అవుతోందని, సన్నగా పోస్తే మాత్రం ఎక్కుతోందని రాశారు. మెకానిక్ ట్యాంకు మార్చాలన్నారు. అప్పుడే ఒప్పుకోకండి. ఇదే ఇబ్బంది నా పాత పెట్రోల్ కారుకూ వచ్చింది. ట్యాంకు జోలికి వెళ్లకుండానే బాగైంది.

గన్ కొన దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పోస్తున్నంతసేపూ అది గాలి పీలుస్తూ ఉంటుంది. పెట్రోలో, నురగో వచ్చి ఆ రంధ్రాన్ని మూసేస్తే లోపలి డయాఫ్రమ్ (సాగే పల్చటి పొర) కదిలి మీట విడిపోతుంది. ట్యాంకు నిండిందో లేదో గన్‌కు తెలియదు, తన కొన తడిసిందా అన్నదే దాని లెక్క. కార్లకు పోసే పంపులు సాధారణంగా నిమిషానికి 30, 40 లీటర్ల దాకా వదులుతాయి. అంత పెట్రోల్ లోపలికి వెళ్లాలంటే అంతే గాలి, ఆవిరి బయటికి రావాలి. సన్నమూతి సీసాకు గరాటు బిగించి నీళ్లు పోస్తే ఎలా ఎగదన్నుతాయో, గాలి దారి మూసుకుపోతే ట్యాంకు కూడా అలాగే చేస్తుంది. సన్నగా పోస్తే ఎక్కుతోందన్నారు కదా, నాకు అనుమానం అక్కడే.

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఈ దారి ఇలా ఉంటుంది: ట్యాంకులోని ఆవిరి బొగ్గు గుళికలు నింపిన క్యానిస్టర్ అనే డబ్బాలోకి వెళ్తుంది. బొగ్గు పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచుతుంది, మిగిలిన గాలి వెంట్ వాల్వ్ దాటి చిన్న పైపు గుండా బయటికి పోతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, అంటే కరెంటు అందనప్పుడు, ఈ వాల్వ్ తెరుచుకునే ఉండాలి. చాలా కార్లలో క్యానిస్టర్, వాల్వ్ రెండూ వెనక చక్రాల దగ్గర, కింద ఉంటాయి. రోడ్డు మీది దుమ్ము, బురద అంతా తగిలేది అక్కడే.

నా కారుకు ముందు ఫిల్లర్ పైపు (మూత నుంచి ట్యాంకుకు వెళ్లేది), దాని పక్కనే వెళ్లే సన్న బ్రీదర్ హోస్ (గాలి బయటికి వచ్చే గొట్టం) ఎక్కడైనా మడత పడ్డాయేమో చూశాం. బాగానే ఉన్నాయి. (మీ కారుకు ఎప్పుడైనా ట్యాంకు దించి బిగించి ఉంటే ముందు ఇదే చూడండి, హోస్ నలిగిపోవడం మామూలే.) తర్వాత వెంట్ వాల్వ్ పైపు ఊడదీసి చేతిపంపుతో గాలి కొడితే అస్సలు వెళ్లలేదు. పైపు చివర కందిరీగలు మట్టితో గూడు కట్టి గట్టిగా మూసేశాయి! చాలాకాలం కదలకుండా నిలబెట్టిన బండి అది. మట్టి తీసి, చివర ఉండే చిన్న ఫిల్టర్ కొత్తది వేశాం. విడిగా పరీక్షిస్తే వాల్వ్ బాగానే ఉంది. ఆ తర్వాత బంక్‌లో గన్ ఒక్కసారే కట్ అయింది, ట్యాంకు నిండినప్పుడు.

మీరూ ఇదే క్రమంలో వెళ్లండి. వాల్వ్‌ను బయటికి తీసి, కరెంటు ఇవ్వకుండా గాలి పంపితే ధారాళంగా వెళ్లాలి. వెళ్లకపోతే అది ఇరుక్కుపోయినట్టే, మార్చేయండి. నోటితో మాత్రం ఊదకండి, ఆ పైపుల్లో పెట్రోల్ ఆవిరి, బొగ్గు పొడి ఉంటాయి. వాల్వ్‌లో నల్లటి గుళికలు కనిపిస్తే క్యానిస్టర్ లోపల పగిలిందని అర్థం. అప్పుడు వాల్వ్ ఒక్కటే మారిస్తే కొత్తదీ మూసుకుపోతుంది. క్యానిస్టర్ బాగా బరువెక్కి, ఊపితే లోపల ద్రవం కదులుతున్నా మార్చాల్సిందే. గన్ కట్ అయ్యాక కూడా "ఇంకొంచెం" అంటూ అంచుదాకా పోయిస్తే ఆవిరికి బదులు పెట్రోలే అందులోకి చేరుతుంది.

పెట్రోల్ బాగానే ఎక్కి, కొట్టించాక బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే ఆ కథ వేరు. అది క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం వల్ల కావచ్చు. ఇక డీజిల్ బండికి మామూలుగా క్యానిస్టర్ ఉండదు. డీజిల్‌కు నురగ ఎక్కువ కాబట్టి బ్రీదర్ హోస్ చూసుకుని, నిదానంగా పోయించండి.

మూతకు బెజ్జం పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. పెట్రోల్ పోసేటప్పుడు మూత తీసే ఉంటుంది కదా, ఆ బెజ్జం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆవిరి బయటికి కారి ప్రమాదం.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. అందుకే గుంతలో దిగి ఈ పని చేయొద్దు. ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉన్నప్పుడు, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీసేసి చేయించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టాలి.

ఇవన్నీ బాగున్నాయని తేలితే అప్పుడు ట్యాంకు పైభాగంలో ఉండే వాల్వ్‌ను అనుమానించాలి. కొన్ని మోడళ్లలో అది విడిగా దొరకదు, ట్యాంకుతో కలిపే మార్చాలి. మీ మెకానిక్ ఆలోచన అదే అయితే, ముందు వెంట్ వాల్వ్ పరీక్షించారా అని అడగండి. కాసేపు నడిపి ఆపాక మూత తీస్తే లోపలికి గాలి గట్టిగా పీల్చుకుంటున్న శబ్దం వస్తోందా? చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, స్కాన్‌లో పి0446 లాంటి (వెంట్ వాల్వ్ వైపు లోపాన్ని సూచించే) కోడ్ చూపిస్తోందా? ఈ రెండూ రాయండి, వెతకాల్సిన చోటు ఇంకాస్త కచ్చితంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.