మేనల్లుడికి: పొలం అడ్వాన్సు తీసుకునే ముందు

చి. మేనల్లుడికి,

చిక్కడపల్లి నుంచి మామయ్య ఆశీస్సులు.

రాత్రి అక్క ఫోన్ చేసింది. ఆదివారం నువ్వు హైటెక్ సిటీలో ఏదో హోటల్లో అమెరికా పెట్టుబడి వీసా సెమినార్‌కు వెళ్లొచ్చావనీ, షాద్‌నగర్ పొలం బేరం పెట్టావనీ, బుధవారం అడ్వాన్సు పుచ్చుకుంటున్నావనీ చెప్పింది. ఆ అడ్వాన్సు ఆపు. బేరం పోతుందని భయపడకు, ఆ రోడ్డు పక్క భూమికి కొనేవాళ్లు దొరక్కపోరు. ముందు ఈ ఉత్తరం చదువు.

సెమినార్‌లో 'కుటుంబం మొత్తానికి గ్రీన్‌కార్డు' అన్నారట. ఈబీ-5లో, అంటే అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు తెచ్చుకునే ఈ పథకంలో, కుటుంబమంటే పెట్టుబడి పెట్టినవాళ్లు, వాళ్ల భార్య లేదా భర్త, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు. అంతే. మనవాడికి, అదే నీ కొడుక్కి, మొన్న శ్రావణంలో 22 నిండాయి. నీ పేరున ఫైలు పెడితే నీకూ నీ భార్యకూ వస్తుంది. ఎవరి కోసం పొలం అమ్ముకుంటున్నావో వాడికి రాదు. ఈ సంగతి ఆ వేదిక మీద ఒక్కరూ చెప్పకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అందుకే ఫైలు వాడి పేరునే పెట్టాలి. డబ్బు మీరిద్దరూ వాడికి బహుమతిగా ఇవ్వొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. వాడు డల్లాస్‌లో చదువుతూ అక్కడే ఉన్నాడు కాబట్టి, వాడి కేటగిరీలో వీసా నంబరు అందుబాటులో ఉంటే పెట్టుబడి పిటిషన్ ఐ-526ఈతో పాటే, అక్కడి నుంచే గ్రీన్‌కార్డు అడిగే ఐ-485 దరఖాస్తు కూడా వేసుకోవచ్చు. అప్పుడు అక్కడే ఉండి పని అనుమతి తెచ్చుకుంటాడు, హెచ్1బీ లాటరీ కోసం దేవుళ్లకు మొక్కుకోవాల్సిన పని ఉండదు. మీ సంగతంటావా, వాడు పౌరుడయ్యాక తల్లిదండ్రులకు దరఖాస్తు పెడతాడు. కొన్నేళ్లు పడుతుంది, పట్టనీ. ఒకవేళ నీ పేరుతోనే ఇక్కడి నుంచి వెళ్లినా, ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ మన నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో జరగదు, ముంబై వెళ్లాలి. అదీ చెప్పి ఉండరు.

లెక్క ఇదీ. 2022 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువున్న చోటో పెట్టే ప్రాజెక్టుకైతే 8 లక్షల డాలర్లు, మామూలు చోటైతే 10 లక్షల 50 వేలు. ఒక్కో పెట్టుబడికి అక్కడ 10 మందికి పూర్తికాలపు ఉద్యోగాలు రావాలి. ఏటా ఇచ్చే వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టులకు విడిగా పెట్టారు, ఆ ఫైళ్లను ముందు చూడాలని చట్టంలోనే ఉంది. ఈ కోటాలు లేని మామూలు వరుసలో మనవాళ్లు ఏళ్ల తరబడి నిలబడి ఉన్నారు. కాబట్టి గ్రామీణమే చూడు.

యూరప్ చూద్దామా అన్నావట. స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో తలుపు మూసేసింది. పోర్చుగల్ 2023లోనే ఇళ్ల కొనుగోలు దారి తీసేసింది. బ్రిటన్ ఇన్వెస్టర్ వీసా 2022లో పోయింది. దుబాయ్‌లో 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తి కొంటే పదేళ్ల గోల్డెన్ వీసా ఇస్తారు, కానీ అది శాశ్వత నివాసం కాదు. పిల్లాడు అమెరికాలో ఉంటే మనకు ఇవన్నీ ఎందుకు?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పథకంలో అమెరికా వాళ్లు చూసేది నీ దగ్గర ఎంత ఉందని కాదు, ఎక్కడి నుంచి వచ్చిందని. ప్రతి రూపాయికీ పుట్టినచోటు కాగితం మీద కనపడాలి. నువ్వు బహుమతిగా ఇచ్చినా సరే, ఇచ్చినవాడికి ఎలా వచ్చిందో చూపించాలి.

షాద్‌నగర్ బేరంలో కొనేవాడు 'రిజిస్ట్రేషన్ ఇంత, మిగతాది చేతికి' అన్నాడని అక్క చెప్పింది. మన ఊళ్లో భూమి బేరాలు అలాగే నడుస్తాయి, నాకు తెలియనిది కాదు. నలభై ఏళ్లు ఆడిటర్‌గా చూశాను. కానీ ఆ చేతికిచ్చే డబ్బు ఈ ఫైలుకు చిల్లిగవ్వ కూడా పనికిరాదు. పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీగా కట్టమనే అధికారం మన ఆదాయపన్ను శాఖకుంది. ఎకరాకు కాస్త తగ్గినా ఫరవాలేదు, మొత్తం బ్యాంకు ద్వారా ఇచ్చేవాడికే అమ్ము.

మా అమ్మాయి ఫైలు సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2018లో పెట్టాం, అప్పుడు 5 లక్షల డాలర్లే. ఇంటి అమ్మకం, నా ఎఫ్‌డీలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాటి మధ్యలో 12 లక్షలు, 2009లో మా తోడల్లుడు చేబదులు తిరిగిచ్చినవి, నేను నగదుగా బ్యాంకులో కట్టాను. రెండేళ్లకు ఆ ఒక్క ఎంట్రీ మీద ప్రశ్న వచ్చింది. జవాబుకు 12 వారాల గడువు. నేను ఆయనకు అప్పిచ్చినట్టు చూపించే పాత ఖాతా ఎప్పుడో మూసేశాను, ఆ శాఖ ఇంకో శాఖలో కలిసిపోయింది. మూడు వారాలు తిరిగాను. చివరికి ఒక గుమాస్తా, పుణ్యాత్ముడు, మేడమీది గదిలోంచి లెడ్జర్ కట్ట దింపి తాడు విప్పాడు. ఆ పేజీ కింది మూల చెదలు తినేసింది. నా పేరూ అంకె మాత్రం మిగిలాయి. దాని నకలు చేతిలో పట్టుకుని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను, కాళ్లలో సత్తువ లేదు. అమ్మాయి బతుకు ఆ చెదల అంచు మీద ఆగింది రా. నీకు అలాంటి రోజు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

అందుకని ఇప్పుడే కాగితాలు కూడబెట్టు. పొలం దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పాత పట్టాదారు పాసుపుస్తకం, మీ ఇద్దరి ఐటీ రిటర్నులు, డబ్బు తిరిగిన ప్రతి ఖాతా స్టేట్‌మెంటు. ఒక్క పేజీ తగ్గినా అడుగుతారు. తెలుగులో ఉన్న ప్రతిదానికీ ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కావాలి. పాత దస్తావేజులో 'తూర్పు: ఫలానా వారి చింతచెట్టు' లాంటి హద్దులు కూడా వదలకుండా రాయించు.

డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 50 వేల డాలర్లు. మార్చి చివర్లో మీ ఇద్దరూ చెరో రెండున్నర లక్షలు, ఏప్రిల్ మొదట్లో మిగతాది పంపితే 8 లక్షలు పూర్తవుతాయి. ఎవరి ఖాతా నుంచి వాళ్లు, నేరుగా వాడి అమెరికా ఖాతాకే. పొలం నీ ఒక్కడి పేరున ఉంది కాబట్టి నీ భార్య ఖాతాలో నువ్వు వేసే రూపాయలకూ గిఫ్ట్ డీడ్ రాయించు. ఇంకోటి: ఒక్కొక్కరికి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితే బ్యాంకు ఆ పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. మీ మొత్తానికి కోటీ పాతిక లక్షల పైమాటే. రిటర్నులో తిరిగొస్తుంది, కానీ అన్నాళ్లూ ఆ సొమ్ము విడిగా ఉండాలి. పొలం డబ్బు సరిగ్గా 8 లక్షల డాలర్లకే సరిపోతుందనుకుంటే నీకు తక్కువ పడుతుంది. లాయరు ఫీజు, ప్రాజెక్టు వాళ్ల ఫీజు దీనికి అదనం.

ప్రాజెక్టు ఎంచేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకో. పెట్టుబడి నష్టభయంలో ఉండాలన్నది చట్టం షరతు. 'మీ డబ్బు గ్యారంటీగా వాపసు' అని ఎవరైనా రాసిస్తే ఆ రాతే ఫైలును చెడగొడుతుంది. వెర్మాంట్‌లోని జే పీక్ స్కీ రిసార్టు పేరు విను. అక్కడ ఇలాగే విదేశీయుల దగ్గర వసూలు చేసిన డబ్బు దారి మళ్లించారని 2016లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కేసు పెట్టింది. నువ్వు అడగాల్సినవి: ప్రాజెక్టుకు అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ల ఐ-956ఎఫ్ ఆమోదం వచ్చిందా, నీకంటే ముందు తీర్చాల్సిన బ్యాంకు అప్పు ఎంత, ఉద్యోగాలు అవసరానికి మించి ఎన్ని లెక్క తేలాయి, ఆ సెమినార్ ఏజెంటుకు నీ తల మీద ఎంత కమీషన్. చివరిది వాళ్లు నీకు రాతపూర్వకంగా చెప్పితీరాలి. నీ లాయరు వాళ్లు చూపించిన లాయరు కాకూడదు.

2026 సెప్టెంబరు 30లోపు ఫైలు పెట్టకపోతే అంతా పోతుందని తొందర పెట్టారట. ఆ తేదీ నిజమే. ఆలోగా పెట్టిన ఫైళ్లకు, పథకాన్ని తర్వాత పొడిగించకపోయినా రక్షణ ఉంటుంది. అయినా ఆ తేదీ కోసం కాగితం లేని డబ్బు పంపకు. మొదట వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే. ఆ రెండేళ్లు నిండే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఐ-829 దరఖాస్తు వేయాలి, అప్పుడు మళ్లీ అన్నీ చూస్తారు. కార్డు వచ్చాక వాడికి ఇక్కడున్న ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్ కూడా అమెరికాకు చూపించాలి. వాడి పేరున ఇక్కడ ఏమేం పెట్టావో రాసుకుని రా.

ఆదివారం పొద్దున్నే టిఫిన్‌కు ఇక్కడికే వచ్చెయ్, నీ భార్యను కూడా తీసుకురా, సంతకాలు తనవీ ఉంటాయి. అక్క మంచం కింద ఉన్న రేకు పెట్టె కదపకుండా అలాగే కారులో పెట్టు. మీ నాన్న పొలం కొన్న దస్తావేజు అందులో పసుపుగుడ్డలో చుట్టి ఉంటుంది. కొనేవాడికి ఫోన్ చేసి బుధవారం కుదరదని చెప్పు.

మామయ్య