ముందు అంచు చదువు

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

సేన్ నది గట్టు మీది పాత పుస్తకాల పెట్టెల్లో విక్టోరియా రాణి పారిస్‌కు వచ్చినప్పటి లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు బొమ్మ, చూశాననీ, కొనమంటావా అనీ అడిగావు. గుర్రాలూ జెండాలూ చూసి అప్పుడే మనసు పారేసుకోకు. బేరం మొదలుపెట్టే ముందు బొమ్మ కింద అంచు చదువు.

అక్కడ సన్నటి అక్షరాల్లో పేర్లుంటాయి. 'డెల్.' అని ఉంటే బొమ్మ వేసినవాడు, 'లిత్.' అంటే దాన్ని రాతి మీదికి ఎక్కించినవాడు, 'ఇంప్.' అంటే అచ్చు వేసిన ప్రెస్. ఆ రోజుల్లో పారిస్‌లో లెమెర్సియె పేరుమోసిన ప్రెస్. ఫ్రేములో పట్టలేదని ఎవరో అంచు కోసేసిన ప్రతి అయితే సగం ధరకు అడుగు, ఇవ్వకపోతే వదిలెయ్.

తర్వాత భూతద్దం. లితోగ్రాఫ్‌కి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి, రాయి తడిపి, సిరా రోలర్ దొర్లిస్తారు. సిరా జిడ్డుకే అంటుతుంది, తడి ఉన్నచోట నిలవదు. అందుకే నీడలు పలక మీద బలపం రుద్దినట్టు గరుగ్గా ఉంటాయి. చుక్కలు వరసలు కట్టి కనిపిస్తే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో వేసిన కాపీ. రంగు గీత దాటి పాకిందని మాత్రం టెన్షన్ పడకు, చేత్తో అద్దింది కావచ్చు. మన దేవుడి గదుల్లోని పాత రవివర్మ ప్రెస్ పటాలూ రాతి అచ్చులే, కాకపోతే వాటికి ఒక్కో రంగుకు ఒక్కో రాయి.

బొమ్మలో ఉన్నదంతా అలాగే జరిగిందనుకోకు. 1855 ఆగస్టు 18న రాణి బులోన్ రేవులో దిగి, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో కలిసి రైల్లో స్ట్రాస్‌బూర్ స్టేషన్‌కు, అంటే ఇప్పటి గార్ ద లెస్ట్‌కు, చేరేసరికి సాయంత్రం ఏడు దాటింది. అక్కణ్ణుంచి సెంక్లూ రాజభవనానికి ఊరేగింపుగా వెళ్తుంటే చీకటి పడిపోయింది. పొద్దుటి నుంచి కాచుకున్న జనానికి ఆమె ముఖం కూడా సరిగా కనబడలేదు. నువ్వు చూసినదాంట్లో ఊరేగింపు మీద పట్టపగటి ఎండ కాస్తుంటే, అది కళ్ళారా చూసి వేసింది కాదన్నమాట. అయినా తీసిపారెయ్యకు. క్రిమియాలో బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ కలిసి రష్యాతో పోరాడుతున్న రోజులవి. పైగా ఆరో హెన్రీ తర్వాత, గద్దె మీద ఉండగా పారిస్‌లో అడుగుపెట్టిన ఇంగ్లండ్ ఏలిక ఈమే. అచ్చువాళ్ళకు ఆ స్నేహాన్ని ఘనంగా చూపించడమే పని. నాకైతే ఆ గొప్పలే ఇష్టం.

సెంక్లూ భవనం కనిపించే బొమ్మ దొరికితే మాత్రం, కాస్త ఎక్కువైనా తీసుకో. 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ జరిగిన యుద్ధంలో అది కాలిపోయింది, మిగిలిన గోడలు కూడా తర్వాత పడగొట్టేశారు.

కొన్నాక సెల్లోటేప్ జోలికి పోకు. గోధుమరంగు మచ్చలుంటే నువ్వు తుడవకు. ఫ్రేము కట్టేవాణ్ణి ఆమ్లం లేని అట్ట వాడమను, అద్దం కాగితానికి తగలకుండా చూడమను. ఎండ పడే గోడకు వద్దు.

అంచు ఫోటో, వెనక వైపు ఫోటో రెండూ తీసి పంపు. ధర సంగతి అప్పుడు మాట్లాడదాం.

పెదనాన్న